ఆర్బిట్రేషన్ అవార్డు మీద డిపార్ట్‌మెంట్ కోర్టుకెళ్తోంది, మేమూ వెళ్ళాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది చిన్న కన్‌స్ట్రక్షన్ ఫర్మ్. ఒక ప్రభుత్వ బిల్డింగ్ వర్క్ 14 నెలల్లో అయిపోవాల్సింది 31 నెలలు పట్టింది. సైటు లేటుగా ఇచ్చారు, డ్రాయింగులు లేటుగా ఇచ్చారు, చివరికి ఎల్డీ (లేటైనందుకు కోసే జరిమానా) మాత్రం మా మీదే వేశారు. ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి) వెళ్తే ఎస్డీ (సెక్యూరిటీ డిపాజిట్), కోసుకున్న ఎల్డీ కలిపి 38 లక్షలు, పనిలేక ఆగిన మెషినరీ ఐడిల్‌ కింద 46 లక్షలు, లాస్ ఆఫ్ ప్రాఫిట్ కింద 59 లక్షలు ఇచ్చారు, పైన 10 శాతం వడ్డీ. ఫైనల్ బిల్లు బ్యాలెన్స్ దగ్గరే తేడా వచ్చింది, అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) లోపల 71 లక్షలు రావాలని రాసి చివరి టేబుల్లో 17 లక్షలని వేశారు, అందుకని టోటల్ 1.60 కోట్లే పడింది. ఎస్కలేషన్ (ధరలు పెరిగిన భారం) కింద అడిగిన 33 లక్షలు కొట్టేశారు. సంతకం చేసిన కాపీ ఫిబ్రవరి 12న అందింది. ఇప్పుడు అవార్డు కొట్టేయమని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టుకెళ్తున్నామని డిపార్ట్‌మెంట్ నోటీసిచ్చింది. మా లాయర్ గారేమో టైం ఉంది, పైన ఇంకో నెల కూడా అడగొచ్చు అంటున్నారు. కోర్టు అంతా మళ్ళీ మొదటినుంచి వింటుందా? ఎస్కలేషన్ కోసం మేమూ వెయ్యాలా? డబ్బు ఎప్పటికి చేతికొస్తుంది?

సమాధానం: మీ ఉత్తరం నాకు మే 5న అందింది. వరసలో ఇంకా పాత ఉత్తరాలున్నా ముందు మీదే తీశాను, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది ఏడు రోజులు.

ముందు ఈ లెక్క చూడండి. అవార్డు మీద కోర్టుకెళ్ళాలంటే కాపీ అందిన రోజు నుంచి మూడు నెలలు. తొంభై రోజులు అని చాలామంది అనుకుంటారు, కాదు, క్యాలెండర్ నెలలే, ఈ సంగతి 2010లో హిమాచల్ టెక్నో ఇంజనీర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాపీ అందిన రోజుని వదిలేసి లెక్కపెడితే మీ గడువు మే 12. తర్వాత గట్టి కారణం చూపిస్తే 30 రోజులు, అంటే జూన్ 11 దాకా కోర్టు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోనూ వచ్చు. ఆ 30 దాటి ఒక్కరోజు లేటైనా పిటిషన్ తీసుకునే అధికారమే కోర్టుకి లేదు, లిమిటేషన్ చట్టంలో ఆలస్యాన్ని మన్నించే సెక్షన్ 5 ఇక్కడ పనికిరాదని 2001లో పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసులోనే అయిపోయింది. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మూడు నెలల గడువు కోర్టు సెలవులో ముగిస్తే తెరిచిన రోజున వేసుకోవచ్చు, కానీ ఆ అదనపు 30 రోజులు సెలవుల్లో ముగిస్తే ఆ వెసులుబాటు లేదు. అసలే ఇది ఎండాకాలం సెలవులొచ్చే టైం. అందుకని ఇంకో నెల అడగొచ్చు అన్న మాటని దయచేసి మర్చిపోండి. ప్రాణం పోయే పరిస్థితి వస్తే తప్ప ఆ 30 రోజులవైపు చూడకూడదు.

సరే, మే 12 లోపు మీరు వెయ్యాల్సింది దేని గురించి? మీరడిగిన ఎస్కలేషన్ గురించి కాదు. మీరు ఉత్తరంలో మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆ 71, 17 గురించి. తేడా 54 లక్షలు సార్! అది మీ డబ్బు, ఆర్బిట్రేటర్ రావాలని రాసిన డబ్బు.

ఇలాంటి తప్పుకి మామూలుగా సెక్షన్ 33 ఉంది, కాపీ అందిన 30 రోజుల్లోపు అదే ఆర్బిట్రేటర్‌కి అప్లికేషన్ పెట్టుకుంటే లెక్కల తప్పు, టైపింగ్ తప్పు సరిచేసి ఇస్తారు, కోర్టు గడప తొక్కక్కర్లేదు, పైగా ఆ అప్లికేషన్ తేలిన రోజు నుంచే మూడు నెలలు మళ్ళీ లెక్క మొదలయ్యేది. ఆ 30 రోజులు మార్చిలోనే పోయాయి. అప్పుడు మీకెవరూ ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు గానీ చదువుతుంటే బాధనిపించింది. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2021లో హకీం కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే సెక్షన్ 34 కింద కోర్టు అవార్డుని ఉంచనైనా ఉంచాలి, కొట్టేయనైనా కొట్టేయాలి, అందులో మార్పులు చేసే అధికారం లేదని. దాన్నే 2025 ఏప్రిల్ 30న ఐదుగురు జడ్జిల బెంచ్ గాయత్రీ బాలసామి కేసులో మళ్ళీ చూసి, నలుగురు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు ఉండగా, కొద్దిపాటి మార్పులు చేయొచ్చని చెప్పింది, అందులో ఒకటి రికార్డు చూడగానే కనపడే క్లరికల్, లెక్కల, టైపింగ్ తప్పులు సరిచేయడం. మీ 17 సరిగ్గా అదే.

ఈ తప్పు డిపార్ట్‌మెంట్ వేసిన పిటిషన్‌లో కౌంటర్‌లో (జవాబులో) చెప్పుకుందాంలే అనుకోవద్దు. సివిల్ అప్పీల్లో ఉన్నట్టు క్రాస్ అబ్జెక్షన్ (ఎదుటివాళ్ళు వేసినదాంట్లోనే మన అభ్యంతరం పెట్టుకోవడం) అనేది సెక్షన్ 34లో రాసిలేదు, వాళ్ళ పిటిషన్ కొట్టేస్తే మీ 17 అలాగే 17గా ఉండిపోయే రిస్కు ఉంది. ఈపీ (డబ్బు వసూలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసినప్పుడు అడుగుదామంటే ఎగ్జిక్యూషన్ కోర్టు డిక్రీలో ఉన్న అంకె దాటి పోదు. విడిగా మీ పేరు మీద పిటిషన్ వెయ్యడమే సేఫ్. అందులో అవార్డు మొత్తాన్ని తిట్టొద్దు, టేబుల్లో 17 తీసి 71 చేయండి, టోటల్ 2.14 కోట్లు చేయండి, అది కుదరదంటే సెక్షన్ 34(4) కింద ఆ ఒక్క తప్పు సరిదిద్దడానికి ఆర్బిట్రేటర్‌కి తిప్పి పంపండి, అంతే అడగండి. అయితే వేసేముందు ఒక్క పని, ఆ 71 ఉన్న పేజీ ఇంకోసారి నిదానంగా చదవండి, అది ‘క్లెయిమెంట్ 71 లక్షలు అడిగారు’ అని ఉందా, ‘71 లక్షలు రావాలని తేలింది’ అని ఉందా. మొదటిదైతే ఇది టైపింగ్ తప్పు కాదు, ఆర్బిట్రేటర్ 17కే ఒప్పుకున్నారని వాళ్ళంటారు. మీరు రాసినదాన్ని బట్టి రెండోదే అనుకుని చెప్తున్నా.

ఇక ఎస్కలేషన్. మీ కాంట్రాక్టులో ప్రైస్ వేరియేషన్ లేదు అని క్లాజ్ ఉండబట్టే ఆర్బిట్రేటర్ కొట్టేసి ఉంటారు. 31 నెలల్లో స్టీలు, సిమెంటు, కూలీ ఎంత పెరిగాయో నేనూ చూశాను, డిపార్ట్‌మెంట్ వల్ల లేటైతే ఆ భారం కాంట్రాక్టర్ ఎందుకు మొయ్యాలన్న మీ ప్రశ్న న్యాయమే. కానీ సెక్షన్ 34 కోర్టు అడిగే ప్రశ్న అది కాదు. కాంట్రాక్టు క్లాజ్‌కి ఆర్బిట్రేటర్ చెప్పిన అర్థం ఎవరైనా చెప్పగలిగే అర్థమేనా అని మాత్రమే చూస్తుంది, ఇంకో అర్థం ఇంతకంటే బాగుంది అనిపించినా కదిలించదు. ఇంకోమాట కూడా ఉంది, ఎవరూ ముందుగా చెప్పరు. ఒకవేళ ఆ భాగం కొట్టేయించారే అనుకోండి, కోర్టు మీకు 33 లక్షలు ఇవ్వదు, ఆ క్లెయిమ్ మీద ఏ తీర్పూ లేని స్థితికి వస్తారు, మళ్ళీ కొత్తగా ఆర్బిట్రేషన్ మొదలుపెట్టుకోవాలి. ఆ ఖర్చుకీ ఆ ఏళ్ళకీ 33 లక్షలు సరిపోవు. వదిలేయండి.

కోర్టు అంతా మళ్ళీ వింటుందా అని అడిగారు. వినదు. సెక్షన్ 34 అప్పీలు కాదు. సాక్ష్యం మళ్ళీ తూచడం, చట్టాన్ని కాస్త తప్పుగా అన్వయించారని కొట్టేయడం కుదరదని 2015 సవరణలో 34(2ఏ) కింద రాసే పెట్టారు. మరి దేనికి కొట్టేస్తారు? నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా తీర్పు ఇస్తే, ఆర్బిట్రేటర్‌కి అప్పగించని విషయం తేలిస్తే, అసలు సాక్ష్యమే లేకుండా అంకె వేస్తే, కాంట్రాక్టులో ఉన్న క్లాజ్‌ని పక్కన పెట్టేస్తే. 2014లో అసోసియేట్ బిల్డర్స్, 2019లో సాంగ్‌యాంగ్ అని రెండు తీర్పులున్నాయి, రేపు మీ కేసులో రెండువైపుల లాయర్లూ చదివేది ఇవే. సాంగ్‌యాంగ్ హైవే కాంట్రాక్టు కేసు, ధరల సర్దుబాటు లెక్క మార్చేస్తూ హైవే అథారిటీ ఒక సర్క్యులర్ తెచ్చింది, కాంట్రాక్టర్ ఒప్పుకోకపోయినా మెజారిటీ ఆర్బిట్రేటర్లు దాన్నే కాంట్రాక్టుకి అంటగట్టారు. ఒకపక్షం తనంతట తాను కాంట్రాక్టు మార్చేసి రెండోపక్షం నెత్తిన పెట్టడం న్యాయం మూలానికే దెబ్బ అని సుప్రీంకోర్టు ఆ అవార్డు కొట్టేసి, మైనారిటీ ఆర్బిట్రేటర్ ఇచ్చినదాన్ని నిలబెట్టింది.

కాబట్టి మీ అవార్డుని ఒకే ముద్దగా చూడకండి, ఒక్కో హెడ్ (క్లెయిమ్) విడిగా చూడండి, కోర్టులో కూడా అలాగే నడుస్తుంది, ఒకటి పడిపోయినా మిగతావి విడదీసి నిలబెట్టొచ్చు.

ఎస్డీ, ఎల్డీ 38 లక్షలు నా లెక్కన గట్టివి. లేటు ఎవరివల్ల అన్నది ఫ్యాక్ట్, అది ఆర్బిట్రేటర్ తేల్చారు, సైటు అప్పగించిన తేదీ, డ్రాయింగులు వచ్చిన తేదీలు రికార్డులో ఉన్నాయి. ఎల్డీ విషయంలో ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) గారి నిర్ణయమే ఫైనల్, ఆర్బిట్రేషన్‌కి రాదు అని వాళ్ళు వాదిస్తారు, కాంట్రాక్టులో అలాంటి క్లాజ్ ఉండే ఉంటుంది. దానికి 2011లో జె.జి. ఇంజనీర్స్ తీర్పు ఉంది, ఎంత ఎల్డీ అన్న లెక్క వాళ్ళ చేతిలో ఉండొచ్చు గానీ అసలు తప్పు ఎవరిది అన్నది వాళ్ళకి వాళ్ళే తేల్చుకోలేరని. ఈ తీర్పు మీ లాయర్ గారి ఫైల్లో ఉండాలి.

మెషినరీ ఐడిల్ 46 లక్షలు రెండు విషయాల మీద ఆధారపడుంది. డిపార్ట్‌మెంట్ వల్ల లేటైతే టైం పొడిగిస్తాం గానీ నష్టపరిహారం ఇవ్వం అనే క్లాజ్ మీ అగ్రిమెంట్‌లో ఉందా? ఉంటే ఆర్బిట్రేటర్ దాని గురించి అవార్డులో ఏం రాశారు? ఆ క్లాజ్‌ని ఎత్తి, ఇది ఇక్కడ ఎందుకు వర్తించదో కారణం చెప్పి ఉంటే పర్లేదు. ఒక్క ముక్క కూడా రాయకుండా డబ్బు ఇచ్చేసి ఉంటే మాత్రం వాళ్ళు పట్టుకునేది అక్కడే, కాంట్రాక్టు షరతుల్ని ఆర్బిట్రేటర్ లెక్కలోకి తీసుకోవాలని సెక్షన్ 28(3) అంటోంది కదా అని. రెండోది సాక్ష్యం. కొన్నేళ్ళ క్రితం నేను చూసిన ఒక కేసు చెప్తా. ఐడిల్ క్లెయిమ్‌కి అసలు సాక్ష్యమే లేదని అవతలి లాయరు అరగంట వాదించారు. మా దగ్గర ఎక్స్‌కవేటర్ లాగ్ బుక్ ఉంది, గ్రీజు అంటి పేజీలు అతుక్కుపోయిన పుస్తకం, రోజూ పొద్దున అవర్ మీటర్ రీడింగ్, సాయంత్రం రీడింగ్, రెండూ ఒకటే అంకె, పక్కన ‘ఫ్రంట్ లేదు’ (పని చేయడానికి చోటు లేదు) అని ఆపరేటర్ రాత, దానికింద సైట్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పొట్టి సంతకం, అలా 112 రోజులు. జడ్జిగారు నాలుగు పేజీలు తిప్పి ఈ సంతకం ఎవరిదండీ అని వాళ్ళనే అడిగారు. మావాళ్ళదే అన్నారు. ఆ హెడ్ మీద వాదన అక్కడితో అయిపోయింది. సాక్ష్యం చాలదు అన్నది సెక్షన్ 34లో నిలబడదు, సాక్ష్యమే లేదు అన్నది నిలబడుతుంది, అందుకే ఆర్బిట్రేషన్‌లో ఎగ్జిబిట్‌గా వేసిన లాగ్ బుక్కులు, హిండ్రెన్స్ రిజిస్టర్ (పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకం), మీరు రాసిన ఉత్తరాలు ఏ పేజీలో ఉన్నాయో వరసగా నోట్ చేసి మీ లాయర్ గారికి ఇవ్వండి. ఇప్పుడు కొత్త కాగితాలు పెట్టడానికి లేదు, 2019 సవరణ తర్వాత ఆర్బిట్రేషన్ రికార్డు మీదే అంతా నడవాలి.

లాస్ ఆఫ్ ప్రాఫిట్ 59 లక్షలు, ఇది చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. హడ్సన్ ఫార్ములా వేసి ఇచ్చి ఉంటారు, అంటే కాంట్రాక్టులో ఓవర్‌హెడ్, లాభం శాతం తీసుకుని కాంట్రాక్టు విలువని గడువుతో భాగించి లేటైన కాలంతో గుణించే లెక్క. ఫార్ములా వాడటం తప్పేం కాదు, 2006లో మెక్‌డెర్మట్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది కూడా. కానీ 2023 అక్టోబరులో యూనిబ్రోస్ తీర్పులో ఉత్త ఫార్ములా చాలదంది. ఆ లేటు వల్ల వేరే పని వదులుకున్నామని, ఆ పని చేసే స్తోమత అప్పట్లో మాకుందని కాంట్రాక్టర్ చూపించాలి, వచ్చి వదిలేసిన టెండర్లు, టర్నోవర్ లెక్కలు, ఏదో ఒకటి ఉండాలి. అంతకుముందు నెలే బాట్లిబోయ్ కేసులో కూడా ఇలాంటి లెక్కతో ఇచ్చిన అవార్డు నిలబడలేదు. ఆ రెండేళ్ళలో మీరు వదులుకున్న టెండర్ల కాగితాలు ఆర్బిట్రేటర్ ముందు పెట్టారా? పెట్టి ఉంటే ధైర్యంగా పోరాడండి. పెట్టకపోతే ఈ హెడ్ పోతుందనే అనుకుని మిగతావి కాపాడుకునే ప్లాన్ చేసుకోండి.

వడ్డీ కూడా చూడాలి. బిల్లులు లేటైనా వడ్డీ ఇవ్వం అనే క్లాజ్ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో చాలాచోట్ల ఉంటుంది. మీదాంట్లో ఉంటే అవార్డుకి ముందు కాలానికి ఇచ్చిన 10 శాతం ప్రమాదంలో ఉన్నట్టే, సెక్షన్ 31(7)(ఏ) పార్టీల ఒప్పందానికి లోబడే అంటోంది, 2010లో శ్రీ కామాక్షి అమ్మన్ కేసులో ఇదే తేలింది. అవార్డు తేదీ తర్వాత వడ్డీ సంగతి వేరు, 31(7)(బీ) కింద ఆర్బిట్రేటర్ వేరేగా చెప్పకపోతే అప్పటి రేటుకి 2 శాతం కలిపి పడుతూనే ఉంటుంది. వాళ్ళు సాగదీసిన ప్రతి నెలా వాళ్ళకి ఖర్చే.

డబ్బు ఎప్పుడొస్తుంది అన్నారు. 2015కి ముందు సెక్షన్ 34 పిటిషన్ వేస్తే చాలు అవార్డు ఆగిపోయేది, ఎంతమంది చిన్న కాంట్రాక్టర్లు ఆ ఆటోమేటిక్ స్టే కింద నలిగిపోయారో! ఇప్పుడు అలా కాదు, సెక్షన్ 36 ప్రకారం వాళ్ళు విడిగా స్టే అడగాలి, కోర్టు కారణాలు రాసి ఇవ్వాలి, డబ్బు అవార్డు కాబట్టి డిపాజిట్ షరతు పెట్టడమే ఎక్కువగా జరిగేది. ప్రభుత్వం కాబట్టి ఊరికే స్టే ఇచ్చేయాలి అన్న వాదన 2019లో పామ్ డెవలపర్స్ కేసులో పోయింది. పాత పద్ధతినే పాత కేసులకి తిరిగి తెద్దామని 2019లో సెక్షన్ 87 పెడితే అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి గడువు దాటగానే ఈపీ వెయ్యండి, స్టే ఆర్డర్ మీ చేతికి రాకపోతే స్టే లేనట్టే. వాళ్ళ బ్యాంకు ఖాతా ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు, ముందు ఒకచోట వేసి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాల్సిన పనిలేదని 2018లో సుందరం ఫైనాన్స్ కేసులో వచ్చింది. డిపాజిట్ పడితే బ్యాంకు గ్యారంటీ ఇచ్చి తీసుకుంటామని అప్లికేషన్ పెట్టండి, గ్యారంటీ కమీషన్ పోయినా వర్కింగ్ క్యాపిటల్ చేతిలో ఉంటుంది. మీది సెంట్రల్ సంస్థ అయితే ఇంకో మార్గం ఉంది, కోర్టుకెళ్ళినా అవార్డు మొత్తంలో 75 శాతం బ్యాంకు గ్యారంటీ మీద చెల్లించాలని 2016లో కేంద్ర కేబినెట్ నిర్ణయించింది, తర్వాత జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో కూడా చేర్చారు. ఆ 75 శాతం అడుగుతూ వాళ్ళకి ఉత్తరం ఈ వారమే పెట్టండి.

సెక్షన్ 34 పిటిషన్ ఏడాదిలో తేల్చాలని చట్టం, నిజంలో ఎక్కువే పడుతుంది. ఆపైన సెక్షన్ 37 అప్పీలు, ఆపైన సుప్రీంకోర్టు. ఢిల్లీ మెట్రో ఎయిర్‌పోర్ట్ లైన్ అవార్డు 2017లో వచ్చింది, 2021లో సుప్రీంకోర్టు నిలబెట్టింది, 2024 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు క్యురేటివ్ పిటిషన్‌లో (తన తీర్పుని చివరిసారి సరిచూసే పిటిషన్) పడగొట్టింది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, సెటిల్మెంట్ మాట వస్తే చెవిన పెట్టండి అని. నేనైతే ఫైనల్ బిల్లు 71, ఎస్డీ ఎల్డీ 38 దగ్గర పైసా తగ్గను, ఐడిల్ దగ్గర ఆ క్లాజ్ చూసుకుని కొంచెం సర్దుకుంటాను, లాస్ ఆఫ్ ప్రాఫిట్, అవార్డుకి ముందు వడ్డీ ఈ రెండూ బేరానికి పెడతాను. కానీ ఆ మాటలు నడుస్తున్నాయని మే 12 దాటనివ్వను. మాట్లాడుకుంటున్నాం కదా అని ఆగినంత మాత్రాన గడువు ఆగదు.

ఇంకొక్క విషయం. ఆఖరి రోజున హడావిడిగా నాలుగు కాగితాలు పడేసి తర్వాత సరిచేసుకుందాం అనుకోవద్దు, అవార్డు కాపీ, అఫిడవిట్ లేకుండా వేసినవి అసలు ఫైలింగే కాదని కోర్టులు అన్న సందర్భాలున్నాయి. ఎదుటిపక్షానికి ముందస్తు నోటీసు కూడా ఇవ్వాలి, అది రేపే పంపించండి. విలువని బట్టి ఇది కమర్షియల్ కోర్టుకే వెళ్తుంది. ఫిబ్రవరి 12న కాపీ అందిన కవరు, పోస్టల్ ట్రాకింగ్ ప్రింటు, ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో ఆ రోజు ఎంట్రీ, ఈ మూడూ ఇప్పుడే జిరాక్స్ తీసి పక్కన పెట్టండి. ఇంకో పని, డిపార్ట్‌మెంట్‌కి కాపీ ఏ తేదీన ముట్టిందో ఆర్బిట్రేటర్ దగ్గర కనుక్కోండి, వాళ్ళు గడువు దాటాక వేసి ఉంటే మీ వాదన మొదలయ్యేదే అక్కడ.